ఎండెక్కాక వచ్చే టీవీ

2023 డిసెంబరు చివరి వారంలో నిర్మల్ నుంచి అమ్మ ఫోను చేసింది. "బిడ్డా, టీవీ పొద్దుగాల వస్తలేదు. ఎండ కొట్టినంక వస్తున్నది" అంది. రిమోటులో సెల్లులు మార్చి చూడమని చెప్పి నేను వేరే మాటల్లోకి వెళ్లిపోయాను. నాలుగు రోజుల తరువాత అదే మాట మళ్లీ చెప్పింది. ఈసారి ఇంకొంచెం వివరంగా, ఎర్ర లైటు వెలుగుతూనే ఉందనీ, బటన్ నొక్కితే కంపెనీ పేరు తెర మీద కనిపించి మాయమవుతోందనీ, అలా ఏడెనిమిది సార్లు అయ్యాక ఎప్పటికో నిలబడుతోందనీ, ఒకసారి నిలబడితే మాత్రం రాత్రి పడుకునేదాకా ఏ ఇబ్బందీ లేదనీ చెప్పింది. సర్వీసు సెంటరుకు ఫోను చేసి మనిషిని పంపించమని అడిగాను.

ఆ అబ్బాయి ఉదయం తొమ్మిదింటికే వచ్చాడు కాబట్టి తంటా ఏమిటో కళ్లారా చూశాడు. ప్లగ్గు తీసి ఇంకో సాకెట్టులో పెట్టాడు, నాలుగైదు సార్లు ఆన్ చేశాడు, "పవర్ బోర్డు పోయిందమ్మా" అన్నాడు. బోర్డు మార్చడానికి 4,800 రూపాయలు అవుతుందనీ, 2016 నాటి మోడల్ కాబట్టి అది దొరకడం కూడా కష్టమేననీ, ఎక్స్ఛేంజిలో కొత్తది తీసుకోవడం మేలనీ, ఏది తీసుకున్నా స్టెబిలైజర్ పెట్టుకోవాలనీ చెప్పి, వచ్చినందుకు 450 రూపాయలు తీసుకుని వెళ్లిపోయాడు. టీవీ వెనక మూత విప్పలేదు. పొద్దున రాదు, ఎండెక్కాక వస్తుంది అన్న మాట అమ్మ అతనికీ చెప్పింది. అతను వినలేదు. న్యాయంగా చెప్పాలంటే అంతకు ముందు రెండుసార్లు నేనూ వినలేదు.

ఆ రాత్రి పడుకోబోతుండగా ఆ మాట ఎందుకో గుర్తుకొచ్చి లేచి కూర్చున్నాను. చలిలో పనిచేయని, వేడెక్కితే పనిచేసే భాగం టీవీ పవర్ సప్లైలో ముఖ్యంగా ఒకటే ఉంటుంది: కరెంటును కాసేపు దాచి అడిగినప్పుడు ఇచ్చే కండెన్సర్. అమ్మ మాట ఫిర్యాదు కాదు, రోగ నిర్ధారణ. సర్వీసు మనిషికి పది నిమిషాల్లో దొరకనిది ఆమె రోజూ చూస్తూ పట్టుకుంది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే విషయం. ఏం చెడిందో కనుక్కోవడం వేరు, దాన్ని బాగుచేయడం వేరు. రెండోది ఎవరు చేసినా ఫరవాలేదు, కొన్నిసార్లు ఇంట్లోవాళ్లు చేయకూడదు కూడా. కానీ మొదటిది జరగకుండా బోర్డు మార్చడానికి గానీ టీవీని పారేయడానికి గానీ మనం ఒప్పుకోకూడదు, ఆ మొదటి పనిలో ఇంట్లోవాళ్ల పాత్ర మనం అనుకునే దానికంటే చాలా పెద్దది.

"పవర్ బోర్డు పోయింది" అంటే ఏం చెప్పినట్టు?

జ్వరంతో వెళ్లినవాడికి "మీకు ఒంట్లో బాగాలేదు" అని చెప్పి డాక్టరు ఫీజు తీసుకుంటే మనం ఊరుకోము. పవర్ బోర్డు పోయింది అనే మాట సరిగ్గా అలాంటిదే. ఆ బోర్డు మీద వంద పైచిలుకు భాగాలు ఉంటాయి. 230 వోల్టుల కరెంటు ముందుగా ఒక ఫ్యూజు గుండా వెళుతుంది, బ్రిడ్జ్ దాన్ని ఒకే దిక్కుకు పోయే కరెంటుగా, అంటే డీసీగా మారుస్తుంది, పెద్ద ఫిల్టర్ కండెన్సర్‌లో అది 320 వోల్టుల పైన నిలబడుతుంది, ఒక ఐసీ (చిప్పు) చెప్పినట్టు మాస్‌ఫెట్ అనే స్విచ్చి ఆ కరెంటును సెకనుకు వేలసార్లు ఆపుతూ వదులుతూ చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపుతుంది, అవతలి వైపు కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే డయోడ్లూ చిన్న కండెన్సర్లూ దాన్ని మళ్లీ నిలకడైన 12 వోల్టులుగా, 5 వోల్టులుగా మారుస్తాయి. అక్కడి వోల్టేజి సరిగ్గా ఉందో లేదో ఒక చిన్న ఆప్టోకప్లర్ వెలుతురు రూపంలో ఇవతలి ఐసీకి కబురు పంపుతూ ఉంటుంది. ఈ గొలుసులో ఏ కొక్కెం తెగినా "పవర్ బోర్డు పోయింది" అనే అంటారు. కానీ ఒక్కో కొక్కేనికి ఒక్కో లక్షణం ఉంది.

ఎర్ర లైటు కూడా వెలగకపోతే కథ ఫ్యూజు దగ్గరో, మాస్‌ఫెట్ దగ్గరో మొదలవుతుంది. ఎర్ర లైటు వెలిగి, లోగో వచ్చి పోతుంటే అసలు ఫ్యూజు, బ్రిడ్జ్, మాస్‌ఫెట్, ఐసీ అన్నీ బతికే ఉన్నాయన్న మాట. సెట్టు పూర్తిగా లేవడానికి ప్రయత్నించే క్షణంలో బరువు (కరెంటు వాడకం) పడగానే 12 వోల్టులు కుంగిపోతున్నాయి, బొమ్మనూ మాటనూ నడిపే మెయిన్ బోర్డు భయపడి మళ్లీ పడుకుంటోంది. అలా కుంగకుండా పట్టి ఉంచవలసినవి అవుట్‌పుట్ కండెన్సర్లు. వాటి లోపల ఉండేది తడి. అల్యూమినియం రేకుల మధ్య కాగితాన్ని తడిపి ఉంచే ఆ ద్రవం ఏళ్ల తరబడి వేడికి కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది, మిగిలినది చలికి ఇంకా బిగుసుకుపోయి కరెంటును సులువుగా పోనివ్వదు. నాలుగైదు సార్లు ఆన్ చేయడంలో పుట్టే కొద్దిపాటి వేడికి అది కాస్త తెరిపిన పడుతుంది, టీవీ నిలబడుతుంది. చలికాలంలో నిర్మల్ పొద్దుటి చలి ఎలా ఉంటుందో తెలిసినవారికి ఎండెక్కడం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

స్టెబిలైజర్ సలహా గురించి కూడా ఒక మాట చెప్పాలి. పాత పిక్చర్ ట్యూబు టీవీల కాలంలో వోల్టేజి పడిపోతే బొమ్మ కుంచించుకుపోయేది, అందుకే ప్రతి ఇంట్లో టీవీ కింద ఆ డబ్బా ఉండేది. అమ్మ టీవీ వెనక అచ్చువేసిన కాగితం మీద 100 నుంచి 240 వోల్టులు అని ఉంది. అంటే ఆ సెట్టు తనంతట తానే అంత తేడాను సర్దుకుంటుంది. పొద్దున వోల్టేజి తక్కువగా ఉండి ఎండెక్కాక పెరుగుతుందనుకున్నా ఈ టీవీకి అది ఒక లెక్క కాదు. పిడుగుల నుంచీ, ఒక్కసారిగా ఎగిసే వోల్టేజి నుంచీ కాపాడుకోవలసిన అవసరం వేరే ఉంది, నేను కాదనను. కానీ ఉన్న రోగానికి సంబంధం లేని మందును మూడు వేలకు కొనమనడం నిర్ధారణ లేకపోవడం వల్లనే జరుగుతుంది.

మంచం మీద బోర్లా పడుకోబెట్టిన టీవీ

సంక్రాంతికి ఊరికి వెళ్లే ముందు కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి కొన్ని కండెన్సర్లు కొన్నాను. ఏవి కావాలో తెలియదు కాబట్టి, ఎంత దాచుకోగలవో చెప్పే కొలతలో 1000, 470, 220, 100 మైక్రోఫారడ్‌లవి, 25 వోల్టులవీ 50 వోల్టులవీ, అన్నీ 105 డిగ్రీల వేడిని తట్టుకునే రకం, ఒక్కో దానిలో నాలుగేసి తీసుకున్నాను. మొత్తం 200 రూపాయలు కూడా కాలేదు.

పండుగ ముందు రోజు ఉదయం, టీవీ మొండికేస్తున్న సమయంలోనే, దాన్ని మంచం మీద దుప్పటి పరిచి తెర కిందికి ఉండేలా పడుకోబెట్టాను. ప్లగ్గు తీసి, వెనక మూత పదకొండు స్క్రూలు విప్పితే ఎడమ వైపు పవర్ బోర్డు, కుడి వైపు మెయిన్ బోర్డు, రెంటినీ కలిపే ఒక తీగల పట్టీ కనిపించాయి. ఏడేళ్ల దుమ్ము బోర్డు మీద బూడిదరంగు ఉన్నిలాగా పరుచుకుని ఉంది. దాన్ని బ్రష్షుతో తీస్తుంటే, వేడిని లాగి బయటికి వదిలే అల్యూమినియం హీట్‌సింకు పక్కన ఆనుకుని నిలబడ్డ రెండు కండెన్సర్లు కనిపించాయి. 1000 మైక్రోఫారడ్, 16 వోల్టులవి. కండెన్సర్ నెత్తి మీద సిలువ ఆకారంలో గీతలు చెక్కి ఉంటాయి, లోపల గాలి నిండితే అక్కడ విచ్చుకోవాలని. మంచి కండెన్సర్‌కు ఆ నెత్తి అద్దంలా చదునుగా ఉంటుంది. వీటిలో ఒకదాని నెత్తి పెసరగింజ మందాన ఉబ్బి ఉంది. రెండోది చూపుకు బాగానే ఉంది, కానీ దాని మీద వేలు పెట్టి నిమిరితే వంపు తెలిసింది.

అక్కడితో తొందరపడకుండా ఇంకో పరీక్ష చేశాను, ఎందుకంటే ఉబ్బిన కండెన్సరే దోషి అని చూడగానే తీర్మానించడం కూడా ఒక రకమైన "బోర్డు పోయింది" అనడమే. అక్క కూతురు తల ఆరబెట్టుకునే డ్రయ్యర్ తీసుకుని, ప్లగ్గు తీసి ఉన్నప్పుడే, ఆ రెండు కండెన్సర్ల మీద ఒక నిమిషం పాటు వేడిగాలి పెట్టి, మూత ఆనించి, ఆన్ చేశాను. మొదటిసారికే టీవీ లేచి నిలబడింది. అమ్మ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. "నేను చెప్తనే ఉన్న గద" అంది. అవును, ఆమె చెబుతూనే ఉంది. ఎండ చేసే పనిని డ్రయ్యర్ చేసింది, అంతే.

విప్పి తీసిన తరువాత వాటిని కొలిచాను. ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటి ఉంది. మామూలు మీటరులో కండెన్సర్ పరిమాణం కొలిస్తే రెండోది 1000కి 790 చూపించింది, అంటే పనికివచ్చేటట్టే కనిపించింది. కానీ దాని లోపలి నిరోధాన్ని కొలిచే చిన్న టెస్టరు మీద పెడితే రెండు ఓములకు పైగా చూపించింది. కొత్తది ఒక ఓములో ఇరవయ్యో వంతు కూడా చూపలేదు. ఎంత దాచుకోగలదు అన్నది ఒక లెక్క, అడిగిన వెంటనే ఎంత త్వరగా ఇవ్వగలదు అన్నది ఇంకో లెక్క. పవర్ సప్లైలో చెడేది ఎక్కువగా ఆ రెండోదే.

హీట్‌సింకు పక్కన ఎందుకు పెట్టారన్న ప్రశ్న నన్ను చాలాసేపు వదల్లేదు. ఈ రకం కండెన్సర్లకు 105 డిగ్రీల దగ్గర 2,000 గంటల ఆయువు అని చెబుతారు, వేడి ప్రతి 10 డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఆయువు సుమారు రెట్టింపు అవుతుందన్నది ఈ రంగంలో అందరూ వాడే లెక్క. ఆ మూలలో 75 డిగ్రీల వేడి ఉందనుకుంటే 16,000 గంటలు వస్తాయి. అమ్మ రోజుకు ఆరు గంటలు టీవీ చూస్తుంది, ఏడేళ్లకు 15,000 గంటలు దాటాయి. 75 అన్నది నా ఊహే, నేను కొలవలేదు. కానీ అదే కండెన్సర్‌ను బోర్డు మీద రెండు అంగుళాలు అవతల పెట్టి, అక్కడ 65 డిగ్రీలే ఉంటే, అది ఇంకో ఏడేళ్లు పనిచేసేదన్న ఆలోచన మాత్రం బాధ కలిగిస్తుంది. పాతిక రూపాయల భాగం, రెండు అంగుళాల దూరం. వీటి మధ్య ఇరవై వేల రూపాయల వస్తువు చెత్తబుట్ట అంచు మీద నిలబడింది.

కొత్తవి 25 వోల్టులవి వేశాను. పరిమాణం అదే ఉంచి వోల్టేజి పెంచితే మంచిదే గానీ కండెన్సర్ ఎత్తు పెరుగుతుంది, సన్నని టీవీలో మూత పట్టదు. అందుకని కాళ్లు వంచి రెండింటినీ పడుకోబెట్టవలసి వచ్చింది, ఆ వంకన హీట్‌సింకుకు కాస్త ఎడం కూడా దొరికింది.

గీతకు ఇవతలా అవతలా

ఇది చదివి ఎవరైనా వెంటనే స్క్రూడ్రైవర్ తీసుకుంటారేమోనని నాకు భయం ఉంది, ఆ భయాన్ని దాచి రాయడం తప్పు. ఫిల్టర్ కండెన్సర్‌లో నిలిచే 320 వోల్టులు ప్లగ్గు తీసినంత మాత్రాన పోవు. పైగా ఇక్కడ ఒక చేదు నిజం ఉంది: మంచి బోర్డు ఆపగానే తనలో ఉన్న కరెంటును తానే వాడుకుని ఖాళీ అవుతుంది, చచ్చిన బోర్డుకు దాన్ని వాడుకునే దారి ఉండదు కాబట్టి నిమిషాల తరబడి పట్టుకుని కూర్చోవచ్చు. అంటే మనం విప్పి చూసే బోర్డే మనకు ఎక్కువ ప్రమాదకరం. పెద్ద టీవీల్లో ఆ వోల్టేజిని ఇంకా పెంచి 380 దాకా తీసుకువెళ్లే భాగం కూడా ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి ఖాళీ చేయడం చాలామంది చేస్తారు. నా కళ్ల ముందే ఒకరి స్క్రూడ్రైవర్ మొన కరిగి, బోర్డు మీది రాగి లేచిపోయింది. పాత ఫిలమెంటు బల్బు హోల్డరుకు రెండు తీగలు కట్టి, ఆ తీగల మొనలను కండెన్సర్ కాళ్లకు ఆనించి, తరువాత మీటరుతో సున్నాకు వచ్చిందని చూసుకుని గానీ చెయ్యి పెట్టకూడదు.

అందుకే నా నియమం ఇది. ప్రతి పవర్ బోర్డు మీదా కరెంటు వచ్చే వైపునూ, తక్కువ వోల్టేజి వెళ్లే వైపునూ వేరుచేస్తూ ఒక గీత ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్ కిందుగా, ఆప్టోకప్లర్ కిందుగా ఆ గీత వెళుతుంది, కొన్ని బోర్డుల్లో దాన్ని తెల్లరంగుతో అచ్చువేస్తారు, కొన్నింటిలో బోర్డునే చీలికగా కోస్తారు. కొత్తగా నేర్చుకునేవారు గీతకు తక్కువ వోల్టేజి వైపునే ఉండాలి. మెయిన్ బోర్డుకు వెళ్లే తీగల పట్టీ దగ్గర 5 వోల్టులు, 12 వోల్టులు అని అచ్చువేసే ఉంటుంది. అక్కడ మీటరు పెట్టి, ఆన్ చేసిన క్షణంలో ఏది కుంగుతోందో చూస్తే సగం కథ తెలిసిపోతుంది. గీతకు అవతల పనిచేయవలసి వస్తే తెలిసినవారికే ఇవ్వాలి.

ఆ గీత ప్రాణరక్షణకే కాదు, కొలతకు కూడా అవసరం. రెండు వైపులా నేల, అంటే సున్నా వోల్టులుగా లెక్కపెట్టే చోటు, వేరు. చాలా ఏళ్ల కిందట నేను మొట్టమొదటిసారి ఒక బోర్డు కొలిచినప్పుడు, మీటరు నల్ల తీగను పెద్ద కండెన్సర్ మైనస్ కాలికి పట్టించి, ఎర్ర తీగను 12 వోల్టుల పిన్ను మీద పెట్టాను. అంకెలు నిలకడ లేకుండా ఎటో ఎటో పోయాయి. బోర్డు పూర్తిగా పోయిందని తీర్మానించి ఆ టీవీ యజమానికి అదే చెప్పాను. ఆ బోర్డు పోలేదు, నేను గీతకు ఒక వైపు నిలబడి ఇంకో వైపు కొలిచాను, అంతే. తప్పు నిర్ధారణ చేసినవాడిగా ఆ రోజు నేను ఆ సర్వీసు అబ్బాయికంటే మెరుగైనవాడిని కాను, అతనికి కనీసం సమయం లేదన్న కారణమైనా ఉంది.

బల్బు చెప్పే మాట

నిర్మల్ బస్టాండు దగ్గర పాత రేడియోల కాలం నుంచీ పనిచేస్తున్న పెద్దాయన ఒకరు ఉన్నారు. ఒక వానాకాలం మా వీధిలో న్యూట్రల్ తీగ తెగి, కొన్ని ఇళ్లలోకి 230కి బదులు దాదాపు 400 వోల్టులు వచ్చినప్పుడు, మా పక్కింటివాళ్ల టీవీ ఆయన దగ్గరికి వెళ్లింది. అంతకుముందే ఎవరో ఫ్యూజు మార్చి పెట్టారు, ఆ కొత్త ఫ్యూజు కూడా ఢామ్మని పోయింది. ఆయన దాన్ని విప్పి, గాజు లోపల మసిబారి నల్లగా ఉండటం చూపించి, "ఫ్యూజు ఊకెనే పోదు సారూ, దాని ఎనుక ఇంకోడు ఉంటడు" అన్నారు. తీగ సన్నగా తెగితే వయసైపోయి తెగిందనుకోవచ్చు, నల్లగా మసిబారితే లోపల షార్ట్ ఉందని అర్థం. ఈ సెట్టులో అధిక వోల్టేజిని తన మీద వేసుకుని చచ్చే నీలిరంగు బిళ్ల పగిలిపోయి ఉంది, దానితో పాటు బ్రిడ్జ్‌లో ఒక డయోడు కూడా పోయింది. రెండూ మార్చాక ఆయన సెట్టును నేరుగా కరెంటులో పెట్టలేదు. గోడకు బిగించిన బోర్డు మీద 100 వాట్ల పాత బల్బు ఉంది, కరెంటు ఆ బల్బు గుండా వెళ్లి గానీ టీవీకి చేరదు. స్విచ్చి వేయగానే బల్బు ఒక్కసారి మెరిసి మందగించింది. ఆయన ముఖంలో అప్పుడు నవ్వు వచ్చింది. బల్బు పూర్తి వెలుగుతో నిలిచిపోతే లోపల ఇంకా షార్ట్ ఉన్నట్టు, మెరిసి తగ్గితే కండెన్సర్ నిండి సెట్టు ఊపిరి తీసుకున్నట్టు. కొత్త ఫ్యూజు, కొత్త భాగాలు మళ్లీ కాలిపోకుండా ఆ పది రూపాయల బల్బు కాపాడింది.

ఆయన్ని నేను ఒక ప్రశ్న అడిగాను: ఇప్పటి పిల్లలు ఎందుకు ఇలా చూడరు? ఆయన కోపగించలేదు. తాను ఒక సెట్టు మీద రెండు గంటలు కూర్చుని దోషం పట్టుకుంటే, దొరికిన భాగం ఇరవై రూపాయలదని తెలిశాక జనం ఇరవై రూపాయలే ఇవ్వడానికి చూస్తారనీ, బోర్డు మార్చితే మాత్రం నాలుగు వేలు ఎదురు మాట్లాడకుండా ఇస్తారనీ చెప్పారు. ఈ మాట నన్ను ఆలోచనలో పడేసింది. నేను ఇంతవరకూ తప్పంతా సర్వీసు మనిషి మీద వేస్తూ వచ్చాను. కానీ కంటికి కనిపించే వస్తువుకు డబ్బు ఇచ్చి, కనిపించని తెలివికి ఇవ్వని అలవాటు మనది. ఆ 450 రూపాయలు అతను ఇంటికి వచ్చినందుకు ఇచ్చాము. ఏం చెడిందో కొలిచి, అంకెలు కాగితం మీద రాసి ఇస్తే 600 తీసుకుంటానని అతను అంటే మనలో ఎంతమంది ఇచ్చేవాళ్లం? రోజుకు ఎనిమిది ఇళ్లు తిరగవలసిన మనిషి, మార్చిన భాగానికి గ్యారంటీ ఇవ్వవలసిన మనిషి, మూత విప్పకుండా తప్పించుకోవడానికి చూడటంలో అతని సోమరితనం కంటే అతనికి జీతమిచ్చే పద్ధతి తప్పే ఎక్కువ ఉంది.

బోర్డు మార్చడమే సరైనది అయినప్పుడు

అమ్మ టీవీ కథ నా వాదనకు చాలా అనుకూలంగా ముగిసింది, అందుకే దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవడం సరికాదు. తమ్ముడి ఇంట్లో 24 అంగుళాల చిన్న సెట్టు ఒకటి ఉండేది, దానిలో పవర్ సప్లై, మెయిన్ బోర్డు అంతా ఒకే పలక మీద ఉంటుంది. మాస్‌ఫెట్ పేలి, దాని కింద బోర్డు బొగ్గులా మాడిపోయింది. మాడిన బోర్డు తానే కరెంటును పోనిస్తుంది కాబట్టి దాని మీద కొత్త భాగాలు అతికించడం ప్రమాదం. అక్కడ బోర్డు మార్చమన్నవారి మాటే సరైనది, నేనూ అదే చెప్పాను. తేడా ఒక్కటే, మూత విప్పి చూసి చెప్పాము.

ఇంకో ఇంట్లో మాటలు వస్తున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. పవర్ బోర్డే అన్నారు. అన్ని వోల్టేజిలూ సరిగ్గా ఉన్నాయి. చీకటి చేసి, సెల్‌ఫోను టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టి చూస్తే లోపల వార్తలు చదువుతున్న మనిషి నీడలాగా కనిపించాడు. బొమ్మ ఉంది, వెనక వెలుతురు లేదు, అంటే చెడింది తెర వెనకాల ఎల్ఈడీ పట్టీలు. వాటిని మార్చాలంటే గాజు పలకను పైకి ఎత్తాలి, అది ఇంట్లో చేసే పని కాదు. దుకాణానికి ఇచ్చి, "పట్టీలు పోయాయి, పవర్ బోర్డు బాగుంది" అని చెప్పాము. వాళ్లు పట్టీలే మార్చారు. నేను స్క్రూ కూడా తిప్పనక్కరలేని ఆ పరీక్షకు ఒక టార్చీ, ఒక నిమిషం చాలు. అది ఎవరైనా చేయవచ్చు, బోర్డుకు డబ్బు కట్టే ముందు అందరూ చేయాలి.

బజారులో దొరికే కండెన్సర్ల మీద కూడా నాకు అనుమానం ఉంది. పేరున్న కంపెనీ అట్ట చుట్టి లోపల ఏదో పెట్టి అమ్మేవి గల్లీలోనే ఉన్నాయి. చేతిలో పట్టుకుంటే బరువు తేలిగ్గా ఉండటం ఒక గుర్తు. నేను వేసినవి ఏడేళ్లు వస్తాయో రెండేళ్లు వస్తాయో హామీ ఇవ్వలేను. ఇది నా వాదనలో నిజంగా బలహీనమైన చోటు. అయినా మంచి భాగం దొరకకపోవడం భాగాన్ని మార్చకపోవడానికి కారణం కాకూడదు, మంచి భాగం దొరికేలా అడగడానికి కారణం కావాలి.

అలా అడిగినవారు ఉన్నారు. యూరోపియన్ యూనియన్ 2019లో చేసిన నియమాల ప్రకారం, 2021 మార్చి 1 నుంచి, టీవీ తయారుచేసేవారు ఆ మోడల్ చివరి సెట్టు మార్కెట్లోకి వదిలాక కూడా కనీసం 7 ఏళ్లు లోపలి పవర్ సప్లైనీ, 400 మైక్రోఫారడ్‌లకు మించిన కండెన్సర్లనూ రిపేరు వృత్తిలో ఉన్నవారికి దొరికేలా ఉంచాలి. చట్టంలో కండెన్సర్ అన్న మాట పేరు పెట్టి రాయడం చూసినప్పుడు నాకు అమ్మ టీవీలో ఉబ్బిన ఆ నెత్తి గుర్తుకొచ్చింది. ఆ నియమం రాసినవారిలో ఎవరో తప్పకుండా మూత విప్పి చూసి ఉంటారు. మన దేశంలో 2022 జులైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న దానికోసం ఒక పోర్టల్ కూడా మొదలైంది. అది మంచి పని. కానీ బస్టాండు దగ్గరి పెద్దాయన చేతికి కావలసింది ఆ సెట్టు సర్క్యూట్ బొమ్మ, ఏ పిన్ను దగ్గర ఎంత వోల్టేజి ఉండాలో చెప్పే ఒక్క కాగితం.

నాన్న వాడిన పాత రేడియోలో ఆ కాగితం ఉండేది. వెనక అట్ట విప్పితే లోపలి వైపు సర్క్యూట్ బొమ్మ అతికించి ఉండేది, ఆయన దాని మీద పెన్సిలుతో ఏ సంవత్సరం ఏ వాల్వు మార్చారో రాసుకున్నారు. ఆ రేడియో తయారుచేసినవాళ్లు అది ఏదో ఒక రోజు చెడుతుందనీ, ఎవరో ఒకరు దాన్ని విప్పుతారనీ అనుకునే తయారుచేశారు.

పండుగ రోజు ఉదయం ఆరున్నరకు, చలిలోనే, అమ్మ టీవీ మొదటి నొక్కుకే వచ్చింది. మూత బిగించే ముందు దాని లోపలి వైపు మార్కరుతో రాశాను: "12 వోల్టుల లైను, రెండు కండెన్సర్లు, 1000 మైక్రోఫారడ్ 25 వోల్టులు వేశాము. పాతవి 16 వోల్టులు. బరువు మీద 12.1, స్టాండ్‌బై 5.1. సంక్రాంతి 2024. చలికి మొండికేస్తే ముందు ఇవే చూడండి." అమ్మ చదివించుకుని, తాను చెప్పింది కూడా రాయమంది. చివర ఇంకో వరుస చేర్చాను: "పొద్దుగాల రాదు, ఎండ కొట్టినంక వస్తది."